వర్జ్యం దాటాక పడిన ముడి

ఒట్టు వెయ్యమంటే వెయ్యను. ఒట్లు అబద్ధాలకు కావాలి. ఇది నాకు జరిగింది... నా కంటికే జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే పడుకోండి.

నాకు పుట్టుకతో మెల్లకన్ను. ముదినేపల్లి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. "నువ్వు లేచి చెప్పు" అంటే ఇద్దరు లేచేవారు. "మెల్లకన్ను అదృష్టం, దాని జోలికి పోకు" అని ఊరంతా సలహా. ఆ అదృష్టమేదో మీరే ఉంచుకోండి అని చెప్పి, బందరులో ఆపరేషన్‌కు చేరాను. తోడుగా మా మేనత్త వచ్చింది.

డాక్టరుగారు ముందే చెప్పారు. కంటి కండరాన్ని జరిపి కుడతారు. కానీ చివరి ముడి బిగించరు, జారుముడి వేసి వదిలేస్తారు. మత్తు దిగాక చూపు ఎటు పోతోందో చూసి, దారం లాగి సరిచేసి, అప్పుడు గట్టిముడి వేస్తారు. ఆ తర్వాత తేడా వస్తే మళ్లీ ఆపరేషనే.

ఆపరేషన్ అయిన సాయంత్రం కట్టు విప్పారు. గోడ మీది లైటు రెండుగా కనిపించింది.

"ఇప్పుడే సరిచేసేద్దామమ్మా" అన్నారు డాక్టరుగారు.

అత్తయ్య మంచానికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడు వర్జ్యమండీ! కంటి మీద చెయ్యి వెయ్యకూడదు."

"అత్తయ్యా, కన్ను నాది!"

"కన్ను నీదేనే. నిన్ను పెంచింది నేను."

ఆయన నవ్వేశారు. "సరేలెండి, రేపు పొద్దున్న చేసినా ఏం కాదు" అని మళ్లీ కట్టు కట్టారు. ఎవరూ కదపకుండా ప్లాస్టరు నుంచి చెంప మీదికి పెన్నుతో ఒక గీత గీసి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారేలోపు ఆ దారం అతుక్కుపోతే? జీవితాంతం ప్రతిదీ రెండుగా చూస్తూ బతకాలా? అత్తయ్య మాత్రం కింద చాప మీద హాయిగా గురకపెట్టింది.

రాత్రి... ఫ్యాను టక్... టక్... మంటోంది. ఉన్నట్టుండి గురక ఆగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది... చప్పుడు లేదు.

చెంప మీద చల్లటి వేలు.

ప్లాస్టరు ఊడుతోంది. నెమ్మదిగా... ఒక్కో వెంట్రుకనూ లాగుతూ. కట్టు తొలగింది. బెడ్‌లైటు కనిపించింది, రెండుగా. ఎదురుగా మనిషి లేడు. అరుద్దామని నోరు తెరిచాను. అప్పుడే... లోపల దారం కదిలింది. నొప్పి లేదు. ఎవరో చిన్నగా గుంజినట్టు... రెండు లైట్లూ కొంచెం దగ్గరికి వచ్చాయి.

అరుపు మింగేశాను.

"ఇంకొంచెం" అన్నాను.

గుంజింది.

"ఇంకొంచెం..."

ఒక లైటు రెండోదాన్ని దాటి అవతలికి పోయింది! నాకు కోపం ముంచుకొచ్చింది. "ఎవరైతే నాకేం? చేసేది సరిగ్గా చెయ్యి! వెనక్కి!"

కాసేపు ఏమీ లేదు... తర్వాత, జంకినట్టుగా, దారం వెనక్కి జారింది. లైట్లు ఒకదాని మీదికి ఒకటి... వచ్చి... ఆగాయి.

ఒకటే లైటు.

"చాలు. ముడెయ్యి."

లోపల ఏదో బిగిసింది. కట్టు మళ్లీ చీకటి కప్పింది. అత్తయ్య గురక మొదలైంది. భయం వెయ్యలేదా అంటారు... వేసింది. తెల్లవార్లూ కాళ్లు చల్లబడే ఉన్నాయి.

పొద్దున్నే డాక్టరుగారు వచ్చారు. పెన్ను గీత చెక్కుచెదరలేదు. కట్టు విప్పి, చుక్కలమందు వేసి, వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఈ ముడి నేను వెయ్యలేదే..."

నర్సులను పిలిచి అడిగారు. ఎవరూ రాలేదన్నారు. "వర్జ్యం దాటనిచ్చాం కదండీ, దేవుడే సర్దాడు" అని అత్తయ్య దణ్ణం పెట్టింది. ఆయన నావైపు తిరిగారు.

"విప్పి మళ్లీ వేస్తానమ్మా."

"ముట్టుకోకండి."

"ఎవరు వేశారో తెలియకుండా ఎలా వదిలేస్తాం?"

"మీరు ఎన్ని వేళ్లు చూపిస్తే అన్నే కనిపిస్తున్నాయండీ. దారం చివర్లు కత్తిరించండి, చాలు."

వేళ్లు చూపించి, అడ్డంగా, నిలువుగా పరీక్ష చేసి, చివరికి కత్తిరించారు. కత్తిరిస్తున్నంతసేపూ ఆయన చెయ్యి నా కంటి ముందే ఉంది. ఒక్క చెయ్యిగానే చూశాను.

కల అంటారా? కలలో పడిన ముడి పొద్దున్న కత్తెరకు దొరుకుతుందా? వాపు తగ్గి చూపు సర్దుకుందంటారా? మరి ముడి? దేవుడో, దయ్యమో, ఆ గదిలో ఎప్పుడో ఉన్న మనిషో... నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నిద్ర పట్టనప్పుడు ఒక్కటే అనిపిస్తుంది. వేసింది సరే... ఎప్పుడైనా విప్పడానికి వస్తే?

రానివ్వండి. సూటిగానే చూస్తాను.