ఖాళీ చేయని పొడి

"అన్నయ్యా, ఈ నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా? సోది వద్దు, ఒక్క మాట చెప్పు."

కుళాయి నీళ్ళ బాటిల్ పట్టుకుని, లాబ్ గుమ్మంలో నిలబడి చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా దిగిన అద్దెయింట్లో పైపులు ఏనాటివో, సీసంతో చేసినవని పక్కింటావిడ భయపెట్టింది. ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది.

ఆ అన్నయ్య విశ్వవిద్యాలయంలో, రసాయన శాస్త్ర విభాగంలో టెక్నీషియన్. అందరికీ పొడి బాబాయి. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నది ఒకటే పని: తేనెపట్టులాగా లోపలంతా కంటికి కనపడని గదులుండే పొడి తయారుచేయడం. అతినీలలోహిత దీపం కింద పెడితే అది నీలంగా వెలుగుతుంది. నీళ్ళలో సీసం ఉంటే ఆ గదుల్లోకి దూరి వెలుగును మింగేస్తుంది. "కోట్ల యంత్రం చెప్పేది నా పొడి చెంచాడు చెబుతుంది" అని కోతలు కోసేవాడు. కోతలే, కానీ అందులో కొంత నిజమూ ఉంది.

చిక్కల్లా ఒకటే. తయారైన పొడి గదుల నిండా, తయారీలో వాడిన ద్రావణి ఉండిపోతుంది. గాలి లాగేసే ఓవెన్‌లో పన్నెండు గంటలు వేడిచేసి ఖాళీ చేయాలి. లేకపోతే సీసానికి లోపల చోటుండదు. పైకి మాత్రం ఖాళీ పొడీ నిండు పొడీ ఒకేలా వెలుగుతాయి. అందుకే ఎవరి నీళ్ళు తెచ్చినా, ముందు చిటికెడు పొడి విడిగా తీసి, దాని మీద సీసం కలిపిన చుక్క ఒకటి వేసి, వెలుగు తగ్గిందని చూసుకున్నాకే పరీక్ష మొదలుపెట్టేవాడు. విద్యార్థులు ఆ చుక్క మరిచిపోతే, "మెరుపు చూసి మురిసిపోవాలంటే అద్దం ముందు కూర్చోండి, ఇక్కడెందుకు?" అని దులిపేసేవాడు.

ఆ రోజు ఓవెన్ పంపు రిపేరులో ఉంది. బల్ల మీద ఉత్తినే ఆరబెట్టిన పొడి ఉంది. బయట టాక్సీ ఆగి ఉంది, చెల్లెలు మాటిమాటికీ గడియారం చూస్తోంది. పరాయివాళ్ళయితే "రేపు రండి" అనేవాడే. సొంత చెల్లెలు కదా అని చుక్క మానేశాడు. పొడిలో ఆమె తెచ్చిన నీళ్ళు పోసి దీపం వేశాడు. నీలంగా, నిండుగా వెలిగింది.

"తాగండే, ఏం కాదు."

ఎనిమిది నెలలకు, పిల్లకి కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోతే డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. సీసం. గడగడా చదివే పిల్ల నిన్నటి పాఠం ఇవాళ తడుముకుంటోంది.

ఆయనే వెళ్ళి జరిగింది చెప్పాడు. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అలాగని దాన్ని గొప్పతనం అనలేం, చెప్పినందుకు పిల్ల ఒంట్లో సీసం తగ్గలేదు. చెల్లెలి భర్త ఒక్కటే అన్నాడు: "ఊళ్ళోవాళ్ళ నీళ్ళకి రెండు పరీక్షలు, మా నీళ్ళకి ఒకటా, బావగారూ?"

విభాగం ప్రొఫెసరు ఓదార్చబోయాడు. "అది లాబ్ నమూనా కాదుగా, రికార్డులోనే లేదు. వదిలెయ్యవోయ్."

రికార్డులో రాయాల్సిన పనిగా చూడకపోవడమే తన తప్పని ఆయనకి తెలుసు.

పిల్లకి మందులు సాగుతున్నాయి. పూర్తిగా తేరుకుంటుందో లేదో డాక్టరు చెప్పడం లేదు. నీళ్ళ ఫిల్టరు తాను కొనిస్తానని వెళితే చెల్లెలు కవరు వెనక్కి తోసింది. "డబ్బొద్దన్నయ్యా. ఆ రోజు 'ఇప్పుడు చెప్పలేనే' అనుంటే సరిపోయేది."

ఫిల్టరు తనే వాయిదాల మీద కొనుక్కుంది. ఇంకా ఏడు వాయిదాలు కట్టాలి.