కండువా కింద బేరం

మా ఆవిడ పోయిన మరుసటి సంవత్సరం, రాజమండ్రిలో నేను ఎకనామిక్స్ చెప్పే కాలేజీకి కొలంబో నుంచి ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు. మన దేశానికీ శ్రీలంకకీ మధ్య కొబ్బరి వ్యాపారం, పెట్టుబడుల మీద వాళ్ళూ మేమూ కలిసి అధ్యయనం చెయ్యాలని ప్రతిపాదన. ప్లాను మేమిద్దరం వెయ్యాలి. కొబ్బరి మీద నాకేం ప్రేమ లేదు. కానీ ఇది మంజూరైతే ఆయన వచ్చిపోతూ ఉంటారు, మా ఇంట్లోనే దిగుతారు. నాకు కావలసిందల్లా అదే, ఆ ఇంట్లో ఇంకో కంచం పడటం. బజారుకెళ్ళి కొత్త కంచం కూడా కొన్నాను.

పగలంతా వసారాలో కూర్చుని పనులు పంచుకున్నాం. వాళ్ళ వైపు ధరలు ఆయన, మా వైపు ధరలు నేను. పీచు ఫ్యాక్టరీల్లో ఎవరి పెట్టుబడి ఎంతో ఇద్దరం కలిసి. ప్రతిదానికీ నేను "దీనికి మీరు మరోసారి రావాలి" అని ఇంగ్లీషులో చేరుస్తుంటే ఆయన నవ్వారు. మీ ప్లాను నిండా నా ప్రయాణాలే ఉన్నాయి అన్నారు. దొరికిపోయాను.

మర్నాడు ఇద్దరం కోనసీమలో ఒక కొబ్బరి షావుకారు గారి కొట్టుకి వెళ్ళాం. ధర ఎలా కుదురుతుందండీ అని అడిగాను.

"నోటితో చెప్పుకోమండి. ఇలా రండి," అన్నారు పెద్దాయన. భుజం మీది కండువా తీసి నా చేతి మీద కప్పి, దాని కింద నా వేళ్ళు పట్టుకుని నొక్కారు. వేళ్ళని బట్టి ధర. పక్కన నిలబడ్డవాళ్ళకి తెలియకూడదు.

"ఎంతన్నానో చెప్పండి మేష్టారూ."

నాకు తెలియలేదు. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. మా ఆవిడ పోయాక నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదని అప్పుడు తట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రొఫెసర్ గారు కాయల రాశి వైపు తిరిగి నిలబడ్డారు.

"మరోసారి అనండి," అన్నాను. అన్నారు. అప్పుడూ చెప్పలేకపోయాను. ధరల సంగతి నేను చూస్తానని ముందురోజే గొప్పగా ఒప్పుకున్నవాణ్ణి!

ప్రొఫెసర్ గారు కొలంబో తిరిగి వెళ్ళిన కొన్ని నెలలకి వాళ్ళ దేశంలో గొడవలు మొదలయ్యాయి. మా ప్రిన్సిపాల్ గారు ప్రతిపాదన పక్కన పెట్టేశారు. నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో కూడా తెలియలేదు. గూట్లో ఆ కొత్త కంచం కనిపిస్తే ఒళ్ళు మండేది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

ఒక ఆదివారం బస్సెక్కి షావుకారు గారి కొట్టుకి వెళ్ళి, అధ్యయనం ఆగిపోయిందని చెప్పాను.

"అయ్యయ్యో. మరి కాయలేమన్నా కావాలాండి?"

"వద్దండి."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. జరిగి పక్కన చోటిచ్చి, కండువా తీసి నా చేతి మీద కప్పారు. ఏ వేలూ నొక్కలేదు. ఊరికే పట్టుకుని కూర్చున్నారు. కొట్టుకొచ్చినవాళ్ళు మేమేదో పెద్ద బేరంలో ఉన్నామనుకుని దూరంగా నిలబడ్డారు.