టిష్యూ ప్యాకెట్ కాపలా

నా చిన్నప్పుడు, మేం దేశం కాని దేశం వచ్చి క్లెమెంటి అనే పేటలో ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఇందులో ప్రతి అక్షరం నిజం. కాదంటే రేపటి నుంచి నా నాలుకకు కాఫీ రుచి తెలియకుండా పోవాలి.

మా ఇంట్లోనే ఉండే మా పిన్ని తంజోంగ్ పగార్‌లో ఒక దినపత్రికకు పేజీలు పెట్టేది, అంటే వార్తల్ని పేజీల్లో అమర్చేది. ఏడేళ్ళ అనుభవం, మూడేసి నెలల కాంట్రాక్టు! ఉద్యోగ భద్రత మీద సంపాదకీయం వస్తే ఆ పేజీ కూడా ఆవిడే పెట్టాలి. ఖర్మ కాకపోతే ఏమిటి? కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, వీసా పోతే మా పిన్నే పోతుంది. అవి ఇంటర్నెట్ పిచ్చి ముదిరిన రోజులు. వెబ్‌సైటు కోసం కొత్తవాళ్ళు దిగుతూనే ఉన్నారు. వాళ్ళకు పాతవాళ్ళ బల్లలు ఇచ్చేవారు. బల్ల పోయినవాళ్ళకు మళ్ళీ కాంట్రాక్టు వచ్చేది కాదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

బడి సెలవుల్లో ఒకరోజు పిన్ని నన్ను వెంట తీసుకెళ్ళింది. మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి తన బల్ల మధ్యలో పెట్టింది. వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో అలా పెడితే ఆ బల్ల చోప్ చేసినట్టే, అంటే మనకని ఆపుకున్నట్టే. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా ఇంకొకరు కూర్చోరు.

"ఇది ఆఫీసు కదా పిన్నీ!"

"అయితే ఏంట్రా? మనుషులు వాళ్ళేగా!"

మేం తిరిగొచ్చేసరికి మేనేజరు ఒక కొత్తాయన్ని వెంటబెట్టుకుని ఆ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ప్యాకెట్ చూశాడు. "అయ్యో, ఇది చోప్ లా!" అని అక్కడి యాసలో అంటూ నాలుక కరుచుకుని, కొత్తాయన్ని ఇంకో మూలకు లాక్కుపోయాడు. తరువాత మూడేళ్ళు ఆ ప్యాకెట్ కదల్లేదు. స్వయంగా యజమాని వచ్చినా ఆ బల్ల పక్కన నిలబడే కాఫీ తాగి వెళ్ళేవాడు.

సరే, ఒప్పుకుంటున్నాను. మేనేజరు నాలుక కరుచుకున్న దగ్గర్నుంచి అంతా నా కల్పన. నిజానికి ఆయన ఆ ప్యాకెట్ విప్పి, అందులోని టిష్యూతోనే బల్ల శుభ్రంగా తుడిచి, కొత్తాయన్ని కూర్చోబెట్టాడు. నెల తిరక్కుండా పిన్ని విమానం ఎక్కింది.

బల్ల పోయిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళే రైల్లో పిన్ని ఏడవలేదు, విసుక్కుంది. "అన్నం తినే చోట కాగితం చూసి ఆగుతార్రా వీళ్ళు. అన్నం పెట్టే చోట మాత్రం ఆగరు!"

ఇదే ఊళ్ళో నేనూ ఎన్నో ఉద్యోగాలు మారాను. కొత్త ఆఫీసులో కుర్చీ చూపించినప్పుడల్లా, ఇంతవరకు ఇది ఎవరిదని అడుగుతాను. తెలియదంటారు. నేను కాసేపు నిలబడే ఉంటాను.