స్కాన్ గదిలోని వైఫై, మా చిన్నమ్మ

మంగళవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "చిన్నమ్మ పోయిందే అక్కా" అన్నాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి నిద్రలోనే వెళ్లిపోయింది. బయల్దేరే ముందు స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఆమె ఇక రాదని చెప్పాను.

వరంగల్‌లో మా స్కాన్ సెంటర్‌ను నడిపింది ఆమే. సెల్లార్‌లో మూడు గదులు, అంతే. తీసిన స్కాన్‌ను నెట్‌లో పంపితే హైదరాబాద్‌లోని డాక్టర్ చూసి రిపోర్టు ఇచ్చేవాడు. ముందుగదిలో కూర్చుని పంపడం నా పని. ఏ పనికి దిగినా చిన్నమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, ఒక యాలక్కాయ నోట్లో వేసుకునేది. వంటింట్లోనూ అంతే. పులుసులో ఉప్పు వేసి ఆగేది. నేను కారం కూడా వేయబోతే చేయి పట్టుకునేది.

"ఒక్కటి మార్చి ఆగాలె బిడ్డా. రెండు మారిస్తే ఏది పన్జేసిందో దేవునికి గూడ తెల్వది."

నిరుడు ఎండాకాలంలో మా వైఫై మొండికేసింది. ఉన్నట్టుండి పోయేది. రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే వచ్చేది, కాసేపటికే పోయేది. కంపెనీవాళ్లు రౌటర్ కూడా మార్చి చూశారు. రోజులు అలాగే నెట్టుకొచ్చాం.

ఒక మధ్యాహ్నం నెక్కొండ దగ్గర పల్లె నుంచి ఒక రైతును తెచ్చారు. ట్రాక్టర్ మీంచి పడ్డాడు. పైకి దెబ్బ కనిపించదు గానీ మాట ముద్దగా వస్తోంది. తలలో రక్తం గడ్డకట్టిందో లేదో తేలితేనే ఆపరేషన్ అని దవాఖానవాళ్లు చెప్పి పంపారట. స్కాన్ తీశాం. ఫైల్ సగం పోయి ఆగింది. ఫోన్‌తో పంపుదామంటే సెల్లార్‌లో సిగ్నల్ అందదు. స్కాన్ గదిలోకి ఉరికి రౌటర్‌ను ఆపి వేశాను. నెట్ వచ్చింది. నా కుర్చీలో కూర్చునేసరికి మళ్లీ పోయింది.

"ఇంకెంతసేపమ్మా? మనిషి కండ్లు మూస్తాండు" అంది రైతు భార్య. మళ్లీ లోపలికి పోబోతుంటే చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"ఆగు. ఈసారి ఏదీ ముట్టకు. ఊకె లోపలికి పోయి నిలబడు."

కోపం వచ్చింది. అయినా వెళ్లి నిలబడ్డాను. రౌటర్‌ను తాకనే లేదు.

"వచ్చింది" అంది చిన్నమ్మ, నా కంప్యూటర్ ముందు నుంచి. "ఇప్పుడు బయటికొచ్చి తలుపు మూయి."

మూశాను.

"పోయింది. తలుపేనే."

అప్పుడు అర్థమైంది. కొత్త ఏసీ పెట్టినప్పుడు రౌటర్‌ను స్కాన్ గది లోపలికి మార్చాం. కిరణాలు బయటికి రాకుండా ఆ గది గోడలకు, తలుపుకు సీసం రేకు వేసి ఉంటుంది. తలుపు మూస్తే వైఫై కూడా దాన్ని దాటి రాదు. ఆపి వేయడానికి వెళ్లిన ప్రతిసారీ తలుపు తెరిచేవాళ్లం. నెట్ వచ్చింది అందుకే.

చిన్నమ్మ తలుపు తెరిచి దానికి వీపు ఆనించి నిలబడింది. తర్వాతి పేషెంటు కొడుకు గొడవకు దిగాడు. "మాకు టైమిచ్చిండ్రు గదా, తలుపు మూసి మాది తియ్యుండ్రి."

"మీ నాయిన నడిచి వచ్చిండు బిడ్డా. ఈయనను మోసుకొచ్చిండ్రు. జర ఓపిక పట్టు." ఆమె గొంతు పెంచలేదు, తలుపు వదల్లేదు. ఫైల్ పూర్తిగా వెళ్లేదాకా నేను స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి డాక్టర్ నుంచి కబురు వచ్చింది. గడ్డ ఉంది, వెంటనే తీసుకెళ్లండి.

ఆ మనిషి బతికాడు. ఆ సాయంత్రమే చిన్నమ్మ రౌటర్‌ను ముందుగదికి మార్పించింది.

ఆమె పోయినప్పటి నుంచి నా కళ్ల ముందు మాత్రం ఇంకోటి మెదులుతోంది. ఆ రైతును ఎక్కించుకుని అంబులెన్స్ బయల్దేరిందే గానీ, ఆటోల వరస తెగక రోడ్డెక్కలేకపోయింది. చిన్నమ్మ చెప్పుల్లేకుండానే మెట్లెక్కి వెళ్లి నడిరోడ్డు మీద చేయెత్తి నిలబడింది. ఆటోలు ఆగాయి. అంబులెన్స్ మలుపు తిరిగి కనుమరుగైంది. ఆమె ఇంకా అటే చూస్తూ నిలబడింది, చేయి దించడం మరిచి. ఆ ఎండలో ఒక్క ఆటోవాడూ హారన్ కొట్టలేదు.