వేడి చేసిందన్నాడు మావయ్య

మావయ్య పోయాడు. పోయిన మంగళవారం పొద్దున్న నేను మూడో వాయి ఇడ్లీలు దింపుతుండగా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేవట్లేదమ్మా, ఓసారొచ్చి సూడు" అంది. గొంతులో ఏడుపు లేదు, కంగారూ లేదు. "నువ్వే గట్టిగా లేపు అత్తయ్యా, ఇవాళ నా బండి ఇస్తానన్నాడు" అన్నాను. చూడండి, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది.

మాకూ ఆయనకూ రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్న, ఆయన శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగాలకు వచ్చి, అక్కడ సెక్టర్ 6లో పక్కపక్క క్వార్టర్లలో దిగారు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. ప్లాంటులో లారీలు, డంపర్లు బాగుచేసే షాపులో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న పోయాక నేను టిఫిన్ల వ్యాపారం పెట్టుకుని ఓ పాత డీజిల్ వ్యాను కొంటే, అది చూసి మొహం చిట్లించి, "దీన్ని కొన్నావా, పెంపకానికి తెచ్చుకున్నావా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి దాని పెంపకమంతా ఆయనదే అయింది.

ఇంజను అనగానే అందరూ ఆయిలు గురించి మాట్లాడతారు. మావయ్యకు మాత్రం నీళ్ళ మీదే ధ్యాస. రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. మన కుళాయి నీళ్ళతో గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, ఇంజను లోపలా అదే కడుతుందనేవాడు. ఇంజనుని చల్లబరిచే కూలెంటులో కలపడానికి బ్యాటరీ దుకాణం నుంచి శుద్ధమైన నీళ్ళ డబ్బా తెచ్చేవాడు. పాత కూలెంటు దింపితే టబ్బులో పట్టి మూతపెట్టేవాడు. "తియ్యగుంటాదమ్మా, కుక్కలు నాకీసి సచ్చిపోతాయి" అని, చుక్క కింద పడినా మట్టి కప్పేవాడు. వేడిగా ఉన్న బండి రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "జొరమొచ్చినోడిని పరుగెట్టిస్తావా? కూకోబెట్టు. సల్లారనీ" అనేవాడు. నాకేమో ఓపిక తక్కువ. వంటలో గానీ బండిలో గానీ అన్నీ ఇప్పుడే అయిపోవాలి. మా ఇద్దరికీ రోజూ దీని మీదే గొడవ.

ఒకసారి ఆర్డరు పట్టుకుని నెహ్రూ నగర్ వైపు పోతున్నాను. ఏదో కాలిన వాసన వచ్చింది. వేడి చూపించే ముల్లు వైపు చూశాను. అడుగున నిమ్మళంగా ఉంది. ముందు పోయే లారీదేమో అనుకుని ఇంకా తొక్కాను. రెండు నిమిషాల్లో ఇంజను గట్టిగా అరిచి ఆగిపోయింది. మావయ్య స్కూటరేసుకుని వచ్చి, బానెట్ ఎత్తి, లోపలికి వంగి వాసన చూశాడు. రేడియేటర్ కింది పైపు చీలి నీళ్ళన్నీ దారిలోనే పోయాయి. ఇంజను పై మూత కింద ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోయింది.

"ముల్లు కిందే ఉంది కదా మావయ్యా" అన్నాను.

"నీళ్ళలో మునిగుంటేనే ముల్లుకి వేడి తెలుస్తాది. నీళ్ళే లేపోతే అదేటి సెప్తాది? ముల్లు బాగుందంటాది, లోపల తగలడిపోతుంటాది. ముల్లునొగ్గీ. వాసన సూడు, సప్పుడు ఇను" అన్నాడు.

అంత కోపంగా ఆయన నాతో మాట్లాడడం అదొక్కసారే. తర్వాత మూడు రోజులు ఆ ఇంజను విప్పి, గీకి, బిగించి ఇచ్చాడు. ఆ పాఠం నాకు వచ్చేసిందనుకున్నాను.

ఈ మే నెలలో వ్యాను మళ్ళీ వేడెక్కడం మొదలుపెట్టింది. లోపల తుప్పు పట్టిందని, మొత్తం కడగాలని, సోమవారం పొద్దున్న తన పెరట్లో పెట్టించుకున్నాడు. బయట మాడిపోయే ఎండ. సాయంత్రం ఫోన్ చేశాను. ఎలా ఉన్నావని కాదు, బండి ఎప్పుడిస్తావని.

"రేపిస్తానే. కాస్త వేడి చేసింది, నడుం వాల్చేను" అన్నాడు.

"ఎవరికి, బండికా నీకా?" అన్నాను.

"ఇద్దరికీ" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది. గుండెల్లో మంటగా ఉందని, ఎడం భుజం దాకా లాగుతోందని అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఎండలో పడి చేస్తే వేడి చెయ్యదా మరి? మజ్జిగ తాగి పడుకో" అన్నాను. మనింట్లో వేడి చెయ్యనిదెవరికి? కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి, మామిడిపండు ఎక్కువ తింటే వేడి. ఆ మాట వినగానే నాకు మజ్జిగే గుర్తొచ్చింది. భుజమన్న మాట చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు.

మంగళవారం ఆసుపత్రిలో, ఆయన రాత్రే పోయాడని తేల్చాక, గుండెల్లో నొప్పి వచ్చిందా అని కుర్ర డాక్టరు అత్తయ్యను హిందీలో అడిగాడు, "సీనే మే దర్ద్ థా క్యా?" అని. నొప్పి కాదు, వేడేనని అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "దర్ద్ నహీ బేటా. గర్మీ థా." వేడి అందరికీ ఉందిగా అన్నట్టు డాక్టరు కిటికీలోంచి ఎండ వైపు చూసి, "గర్మీ తో సబ్‌కో హై, మాజీ" అన్నాడు. నాకు హిందీ తెలుగుకన్నా బాగా వచ్చు. ఇక్కడే పుట్టినదాన్ని. అయినా ఆయనన్న వేడి ఏమిటో ఆ డాక్టరుకి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే తర్వాతి ప్రశ్న, ఎవరికి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు అని వస్తుంది.

నాలుగు రోజులు ఆ సంగతి కడుపులోనే పెట్టుకున్నాను. జనం వస్తున్నారు, పోతున్నారు. అత్తయ్య మొహం చూడలేక వంటింట్లోనే తిరిగాను. ఐదో రోజు ఆవిడే, "పెరట్లో ఆ బండి సంగతి సూడమ్మా, సగం పని మీదుంది" అంది. వెళ్ళి చూస్తే, పాత కూలెంటు దింపి టబ్బుకి మూతపెట్టాడు. వేడిని బట్టి నీళ్ళు వదిలే థర్మోస్టాట్ విప్పి ముక్కాలిపీట మీద గుడ్డలో చుట్టాడు. కడగడమే మిగిలింది. కడగడానికి మాత్రం కుళాయి నీళ్ళు వాడనిచ్చేవాడు. గొట్టం రేడియేటర్ పై పైపుకి తగిలించాను. అత్తయ్య కుళాయి తిప్పి, వచ్చి నా పక్కన నిలబడింది. ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, మావయ్య సోమవారం నాతో అన్నాడు. గుండెల్లో మంటగా ఉంది, భుజం లాగుతోందని. నేను మజ్జిగ తాగమన్నాను. నాకు బండి గొడవే తప్ప..."

అత్తయ్య నా వైపు చూడలేదు.

"భుజం సంగతి నాతో అన్లేదమ్మా. వేడి చేసిందన్నారు. నేనే రెండు గలాసుల మజ్జిగిచ్చేను, నిమ్మకాయ పిండి. అంతా తాగీసి, ఇప్పుడు హాయిగుందే అన్నారు" అంది. జారుతున్న గొట్టం వైపు వంగి, "హాయిగుందంటే నేను నమ్మీసేను" అంది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ కొంగుతో గొట్టం జారకుండా పట్టుకుంది. కింద నుంచి నీళ్ళు తుప్పుతో ఎర్రగా, మట్టిగా దూకుతున్నాయి. తేటపడేదాకా కడగాలి, అప్పుడే కొత్త కూలెంటు పోయాలి. అరగంట చూశాం, గంట చూశాం. పెరడంతా తడిసి, ఆ నీళ్ళు అత్తయ్య పాదాల చుట్టూ చేరాయి. ఆవిడ కదల్లేదు. దోసిట్లో కాసిని పట్టి వెలుగులో పెట్టి చూసింది. ఇంకా ఎర్రగానే ఉన్నాయి.