అడగడానికి దిగే బండి

మా సారు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఊళ్లో ఇలాంటి కబుర్లు పుట్టించేది మామూలుగా నేనే. ఎవడో తిరగేసి నాకే అంటిస్తున్నాడని అనుమానం వచ్చింది. దవాఖానా నుంచి సారు మేనల్లుడు మాట్లాడుతున్నాడు. "నిజంగనా? సారుకియ్యి ఫోను" అన్నాను. అవతల అతను ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. సారు కల్లూరు వైపు మనిషి. మా బడికి లెక్కలు చెప్పడానికి వచ్చి, రిటైరయ్యాక కూడా వెళ్లలేదు. నా పంక్చర్ షాపు పక్కింట్లో కిరాయికి ఉండిపోయాడు. ఆయన దగ్గర చదివి పదో తరగతి రెండుసార్లు తప్పిన ఘనత నాది. ఒంటరి మనిషి, కల్లూరులో సొంత ఇల్లుంది, చెల్లెలుంది. అలాంటివాడు మా దోమల మధ్య ఎందుకుంటాడు? మొదటి అనుమానం ఇదే. అడిగితే, "ఇక్కడ చీకటి బాగుంటుందిరా, చుక్కలు కనిపిస్తాయి" అన్నాడు. మా ఊళ్లో కరెంటు పోతే తిట్టనివాడు లేడు. చీకటి కోసం ఉండిపోయానంటే నమ్మేదెట్లా?

చుక్కలు చూసి ఊరుకున్నా బాగుండేది. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. చుక్కల మధ్య తిరిగే ఓడ ఒకటుందట. అందులోనే పుట్టి అందులోనే ముసలివాళ్లయ్యేంత దూరం పోతుందట. దాని కథ రాస్తున్నానన్నాడు. నేను చూసినంతవరకు ఆ కథలో మనుషులు లేరు, కొట్లాట లేదు, ఆఖరికి ఓడ కూడా లేదు. ఉన్నవన్నీ ఓడలో చాకిరీ చేసే బండ్లూ పనిముట్లే. గాలి సిలిండర్లు మోసే ట్రాలీ, ఓడ బయటి గోడకు అయస్కాంతపు కాళ్లతో బల్లిలా అంటుకొని చిల్లులు పూడ్చే బండి, దుమ్ము పీల్చే బండి, రాళ్ల మీద నడిచే ఆరు చక్రాల బండి, కొత్త లోకాల్లో దిగి నేలకు బోరు వేసే మిషను. వరండాలో బట్టల తీగ కట్టి, క్లిప్పులు పెట్టి అన్నింటినీ వేలాడదీసేవాడు.

"ఓడ ఏది సారూ?" అని అడిగాను.

"ముందు బండ్లు సరిగ్గా నడవాలి కదరా కోతీ. ఊడ్చే బండి లేకుండా ఓడ ఎన్నాళ్లుంటుంది?"

ఆయన టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు నేను పెన్సిల్ అందుకునేవాణ్ణి. ఆరు చక్రాల బండి ముందర నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశాను. గాలి సిలిండర్ల ట్రాలీ వెనక 'హారన్ కొట్టు' అని రాశాను. సారు కళ్లజోడు సర్దుకొని చూశాడు. "నిమ్మకాయ ఉండనీ, నడిపేవాడికి ధైర్యం. హారన్ మాత్రం ఓడ లోపలే పనిచేస్తుందిరా. బయట గాలి లేదు కదా, వినపడదు" అని, ట్రాలీకి ఒక లైటు కూడా గీశాడు. నా వెకిలితనాన్ని కూడా లెక్కలోకి తీసుకొని సరిచూసిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే.

అనుమానం ముదరడానికి కారణం చెప్పాలి. అంతకుముందు ఎవరో వచ్చి మా గుట్ట చుట్టూ ఎర్ర రంగు కర్రలు పాతి, అక్కడక్కడా బోరు వేసి, మాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారు. ఇల్లందు వైపు చుట్టాలున్నవాళ్లం, బొగ్గు కోసం ఊళ్లు ఎట్లా కదులుతాయో మాకు తెలుసు. అప్పటి నుంచి చేతిలో టేపు పట్టుకున్న మనిషి కనబడితే కుక్కలకంటే ముందు మేమే మొరుగుతున్నాం. సరిగ్గా అప్పుడే మా సారు టేపు పట్టుకొని గుట్టెక్కడం మొదలుపెట్టాడు. ఏటవాలు కొలిచేవాడు. మందుల సీసాల్లో మట్టి నింపుకొని, ఏది ఎక్కడిదో పేరు అంటించి కిటికీలో పెట్టేవాడు. పైగా మేనల్లుడు సర్వే పని చేస్తాడు.

ఎవడో ఒకడు వరండాలోని బోరు మిషను బొమ్మకు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "మన గుట్ట మీదికొచ్చే మిషన్లు గివే. సారింట్ల ప్లాన్లు ఉన్నయ్."

గుట్ట వాలులో మొదటి చేను ఒక అవ్వది. ఆమె, ఆమె భర్త కలిసి పొదలు కొట్టి చేసుకున్న చేను. పట్టా కాగితం చేతికొచ్చేసరికి భర్త లేడు. గుట్ట పోతే ముందు పోయేది ఆమె చేనే. ఆమె నా షాపు ముందు నిలబడి, "నువ్వు ఆ సారింట్లకు పోతవు కదా పోరడా, ఏం చేస్తుండో అడుగు" అంది.

అడిగాను. "మట్టి ఎందుకు సారూ?"

"రంగు కోసంరా. బండ్లు దిగే నేల ఎట్లా ఉండాలో చూసుకుంటున్నాను."

"మరి టేపు?"

"ఆరు చక్రాల బండి ఎంత వాలు ఎక్కగలదో తెలియాలి కదా."

అన్నింటికీ జవాబుంది. అందుకే నాకు ఇంకా అనుమానం పెరిగింది. నా అనుభవంలో జవాబులు సిద్ధంగా పెట్టుకునేది అబద్ధాలాడేవాడే. నేనే ఉదాహరణ.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు వరండాలో ఊరు కూడింది. బొమ్మలన్నీ పట్టుకు రమ్మని సారుకు కబురు చేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. తన కథ వినడానికి ఊరు పిలిచిందనుకున్నాడు పాపం. కాగితాలు ఒక్కొక్కటే నేల మీద పరిచి, గాలికి లేవకుండా గులకరాళ్లు పెట్టాడు.

ఊరి పెద్దమనిషి బోరు మిషను బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇది ఎంత లోతు పోతది సారూ?"

"కిలోమీటరు దాకా పోతుంది పెద్దాయనా" అన్నాడు సారు, గర్వంగా. వరండా అంతా గుసగుస.

"ఏం తీస్తది?"

"మంచు. ఓడలోవాళ్లకు తాగునీళ్లు కావాలి కదా. ఇది మన నేల కాదు, వేరే లోకం."

"లోకం వేరేది. మట్టి మాత్రం మా గుట్టది" అన్నారెవరో వెనక నుంచి.

సారుకు అప్పుడు అర్థమైంది తనను ఎందుకు పిలిచారో. కాగితం మీది చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ముఖం మీది సంతోషం దిగిపోవడం నేను దగ్గర నుంచి చూశాను.

వరండా అంచున కూర్చున్న అవ్వ నోరు తెరిచింది. ఆమె ఇంట్లో మాట్లాడే భాష వేరు, తెలుగు తక్కువ. మాట్లాడితే మాత్రం సూటిగా ఉంటుంది.

"సారూ, ఆ మిషను దిగిన కాడ ఎవలుంటరు?"

"ఎవరూ ఉండరవ్వా. ఖాళీ నేల."

"ఖాళీ అని నీకెవలు చెప్పిండ్రు?"

సారు బొమ్మ వైపు చూసుకున్నాడు.

"మా గుట్టను గూడ ముందుగాల ఖాళీ అనే రాసుకున్నరు. నేను, మా ఆయన దాని మీదనే ఉంటిమి. మేం మామిడికాయ కొరకాలన్నా కొత్త కాయకు కొత్తల పండుగ చేసి, వేల్పును అడిగినంకనే నోట్లె పెడతం. నీ మిషను ఎవల్ని అడిగి దిగింది?"

ఆయన ఏదో సర్దిచెబుతాడని చూశాను. కథే కదా అవ్వా అంటే అయిపోయేది. అనలేదు. "ఎవర్నీ అడగలేదవ్వా. నాకు తట్టలేదు" అన్నాడు. బోరు మిషను కాగితం పక్కకు పెట్టి, ఖాళీ కాగితం ఒకటి తీశాడు. "అడగాలంటే ఎట్లాంటి బండి పోవాలి? మీరే చెప్పండి."

ఇదేదో కొత్త ఎత్తని అందరికీ అనుమానమే. ముందు అవ్వే అంది. "చిన్నది పోవాలె. చప్పుడు చేయొద్దు."

"ఇంకా?"

"తాగే నీళ్లు ఎంట తెచ్చుకోవాలె. అడగకముందు ఆడున్న నీళ్లు ముట్టొద్దు."

"స్టెప్నీ ఉండాలె" అన్నాను నేను. నవ్వారు.

"లోపల ఎవరుండాలి?"

"నోర్మూసుకొని కూసునేటోడు" అంది అవ్వ.

"అయితే నువ్వు పనికిరావురా" అన్నాడు పెద్దమనిషి నాతో. ఈసారి సారు కూడా నవ్వాడు.

"ఎంతసేపు కూర్చోవాలవ్వా?"

"అవతలోళ్లు పలికేదాక."

"పలక్కపోతే? ఓడలో నీళ్లు అయిపోతాయి కదా."

"అయిపోతే ఇంకో కాడికి పొమ్మను. ఎవలు రమ్మన్నరు?"

సారు ఆ మాట కూడా కాగితం అంచున రాసుకున్నాడు.

ఎక్కడి మట్టి అక్కడ పోసి రావాలని పెద్దమనిషి తీర్పు చెప్పాడు. నన్ను వెంట పంపారు. తోడుగా అనుకునేరు, కాపలాగా. సారు ఒక్కో సీసా విప్పి, తీసిన చోటే పోసి, అరచేత్తో అద్దాడు. "గట్టిగా చూడరా. రేపు నిన్ను అడుగుతారు" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను. దొరకలేదు. "మీకు కోపం రాలేదా సారూ?" అంటే, "అనుమానం వచ్చినవాడే లెక్క సరిచూస్తాడు. మీ అందరికీ బళ్లో నేను నేర్పాలనుకున్నది అదే కదరా" అన్నాడు. రెండుసార్లు తప్పినవాడికి కూడా ఏదో ఒకటి వచ్చిందని ఆయన నమ్మకం.

ఆ తర్వాత బొమ్మలన్నీ మళ్లీ గీశాడు. ఏ కాగితం చూసినా ముందు అవ్వ చెప్పిన ఆ చిన్న బండి నేల మీద ఆగి ఉంటుంది. బోరు మిషనూ ఆరు చక్రాల బండీ అన్నీ దాని వెనక, ఇంజన్లు ఆపుకొని ఉంటాయి. చివరిదాకా ఓడను గీయలేదు. ఊరికి అనుమానం పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. కల్లూరులో దహనానికి మేమంతా ట్రాలీ ఆటో కట్టుకొని వెళితే, అక్కడ కూడా మావాడొకడు మేనల్లుణ్ణి పక్కకు పిలిచి, "ఆ ప్లాన్లు ఏడున్నయ్?" అని అడిగాడు. అతను కట్టంతా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా మామ నీకే ఇయ్యమన్నడన్నా." అవిప్పుడు నా షాపు గోడకున్నాయి.

మొన్న ఒక జీపు వచ్చి నా షాపు ముందు ఆగింది. వెనక చక్రం పంక్చర్. లోపల టేపులు, ఎర్ర రంగు కర్రల కట్ట. నల్ల కళ్లద్దాల ఆఫీసరు దిగి, "జల్దీ చెయ్, ఎండ ముదరకముందే గుట్టెక్కాలె" అన్నాడు. జాకీ పెట్టి చక్రం ఊడదీశాను. ఆయన గోడ వైపు చూసి, "ఇదేం బండి?" అన్నాడు.

"అడగడానికి దిగే బండి సార్."

"ఏం అడగడానికి?"

నేను జవాబు చెప్పకుండా ఫోన్ తీసి పెద్దమనిషికి ఒక్క ముక్క చెప్పాను. కాసేపటికి అవ్వ గుట్ట మీది నుంచి దిగి వచ్చింది. ఆఫీసరుకు ఎదురుగా, నేల మీద కూర్చుంది.

"ఏం కావాలె అవ్వా?" అన్నాడాయన. ఆమె పలకలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "ఏమంటది?"

"ఏమనది సార్. మీరు చెప్తే వింటది."

ఆయన జీపు వైపు చూశాడు. అది జాకీ మీద మూడు చక్రాలతో ఉంది. రోడ్డు వైపు చూశాడు. అప్పటికే ఊరి జనం ఒక్కొక్కరే వస్తున్నారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా స్టూలు లాక్కొని, అవ్వకు ఎదురుగా కూర్చున్నాడు.

నేను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందోనని మెల్లగా తిప్పుతున్నాను. బుడగ లేచింది. చూసి, చూడనట్టు మళ్లీ మొదటి నుంచి తిప్పాను.