సాలు దాటిన మాట

శాంతమ్మ బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయి ఉంటుంది. గట్టు ఊరి చుట్టుపక్కల, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున దానికి మగపువ్వు రుద్దీ రుద్దీ అరిగిన గోరు అది. అయినా ఆ చేలంటే ఆమెకు ప్రాణం. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఒక్కో సాలు పడతారు. అత్త మీద కోపం, మొగుడి తాగుడు, ఏదైనా అక్కడే కక్కుకుంటారు. ఒక్క మాట ఊళ్ళోకి మోసినా, మోసినామెతో మళ్ళీ ఎవరూ సాలు పట్టరు. అంతే కట్టుబాటు.

ఏండ్ల తరబడి ఆమె జోడీ యమున. వాళ్ళ నవ్వులకు పక్క సాలువాళ్ళు తిట్టేవాళ్ళు. మొగుడు కొట్టిన దెబ్బలు యమున కొంగు తీసి శాంతమ్మకే చూపించేది. ఒక పొద్దున మగపువ్వు చేతిలో ఉండగానే చెప్పింది, వనపర్తికి పోతున్నానని, కుట్టుమిషన్ దుకాణంలో పని దొరికిందని. కొత్త నంబరు శాంతమ్మకు ఒక్కదానికే ఇచ్చింది. యమున మొగుడు ఎన్నిసార్లు వచ్చి అడిగినా శాంతమ్మ నోరు విప్పలేదు.

ఈ ఏడు కోడలు రోజా ఆమె ఫోన్లో ఫోటోలు పెట్టుకునే యాప్ వేసింది. పైసా ఖర్చు లేదు, పైగా మొహాన్ని పడుచుగా చూపిస్తుంది. ఫోన్లో నంబర్లన్నీ చూడనా అని ఆ యాప్ అడిగింది. “ఇయ్యి, సూస్తే ఏం వోతది” అంది శాంతమ్మ. తెరమీద యమునతో తిరిగిన రోజుల నాటి తన మొహమే కనిపిస్తే మురిసిపోయింది.

నెల తిరగకముందే యమున మరిది బాలకృష్ణ గుమ్మం ముందు నిలబడ్డాడు. అతని నంబరూ శాంతమ్మ ఫోన్లోనే ఉంది. తన ఫోన్లో అదే యాప్ తెరిచి, యమున అందులో పెట్టుకున్న ఫోటో చూపించాడు. కుట్టుమిషన్ ముందు యమున, వెనక దుకాణం బోర్డు, కింద ‘శాంతమ్మకు తెలిసినవారు’ అని అక్షరాలు.

“తెల్వదంటివి గదక్కా. నీ ఫోనే చెప్పవట్టె.”

అతను వీధి మలుపు తిరగకముందే శాంతమ్మ వనపర్తికి ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. యమున తిట్టలేదు. ఇయ్యాలనే పోత అంది.

“యాడికి పోతవే?”

“ఈసారి నీగ్గూడ చెప్పనక్కా.”

“చెప్పకు” అంది శాంతమ్మ.

ఈ సంగతి చేలో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున కొత్త జోడీ రమ్మని పిలిచినా వినకుండా, శాంతమ్మ ఒక్కతే సాలు పట్టింది.